మొరవ నుంచి కలుజు దాకా

గ్రావెల్ అనే మాటను మా ప్రాంతంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. పంచాయతీ పనుల్లో ఎర్రటి గరపమట్టి తోలి, రోలరుతో తొక్కించి వేసిన దారిని పల్లెల్లో గ్రావెల్ రోడ్డనే పిలుస్తారు. అటువంటి దారుల మీద దూరాలు పోవడానికని వేరే ఒక రకం సైకిలు ఉందనీ, అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే ఊరి చుట్టూ 2006లో మొదలైన ఒక పోటీ దానికి పేరు తెచ్చిందనీ, 2022లో ఇటలీలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా నిర్వహించారనీ తెలిసినప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చినవి ఆ దేశాలు కావు, మా చెరువుకట్టలు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, 40 మిల్లీమీటర్ల వెడల్పున్న టైర్లు, ఎత్తులకూ ఇసుకకూ పనికొచ్చే తేలికపాటి గేర్లు ఉన్న ఆ సైకిలును కొన్న రోజునే, దాన్ని తిరుపతి పక్కగా పారే స్వర్ణముఖి ఏటి వెంబడి తూర్పుకు నడపాలని నిర్ణయించుకున్నాను.

సంక్రాంతి వెళ్ళిన వారానికి మా మేనల్లుడూ నేనూ బయలుదేరాం. ఈ ప్రాంతానికి ఆ సమయమే మంచిది. మనకు వానలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి, జనవరిలో చెరువులు నిండుగా ఉంటాయి, దారుల బురద ఆరిపోయి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. మొదటి రోజు గుడిమల్లం మీదుగా శ్రీకాళహస్తి, రెండో రోజు నాయుడుపేట మీదుగా నేలపట్టు పక్షుల చెరువు అని అనుకున్నాం. హైవే మీద పోతే ఈ దూరం కారులో రెండు గంటల పని. మేము మాత్రం వీలైనంత వరకు తారు తగలకుండా, కట్టల మీదా కాలువ గట్ల మీదా పొలాల దారుల్లోనూ పోవాలనుకున్నాం.

తెల్లవారుజామున తిరుచానూరు దాటి యోగిమల్లవరం దగ్గర ఏటిగట్టు ఎక్కేసరికి పొగమంచు ఇంకా విడలేదు. స్వర్ణముఖిని చూసి ఇది నదేనా అని అడిగే వాళ్ళు చాలామంది ఉన్నారు, ఏడాదిలో ఎక్కువ భాగం అది ఇసుకగానే కనిపిస్తుంది. 2021 నవంబరులో తిరుపతి మునిగిన వారం ఈ ఏటిని చూసినవాళ్ళు మాత్రం ఆ మాట అడగరు. ఆ వారం నేను, రాయలచెరువు కట్టకు నీరు ఊరుతోందని కింది ఊళ్ళ జనాన్ని ఖాళీ చేయించిన రోజుల్లో నిద్రలేకుండా గడిపాను, ఎందుకంటే మా బంధువులు ఆ ఊళ్ళలో ఉన్నారు. ఒక కట్ట ఎంతమందిని కాపాడుతుందో, ఎంతమందిని భయపెట్టగలదో నాకు తెలిసివచ్చింది అప్పుడే.

పాపానాయుడుపేటకు ముందు ఏరు దాటవలసిన చోట దారి ఇసుకలోకి దిగింది. మా టైర్లలో 35 పౌండ్ల గాలి ఉంది, గరపనేల మీద అది సరిపోయింది కానీ ఇసుకలో ముందు చక్రం కూరుకుపోయి పక్కకు తిరిగింది. ఇద్దరం దిగి గాలి 25 పౌండ్లకు తగ్గించాం. టైరు చదునుగా పరుచుకుంటే ఇసుక మీద తేలినట్టు పోతుందని పుస్తకజ్ఞానం, నిజంగానే కొంత మేలు కలిగింది, కానీ అసలు కిటుకును పశువులు తోలుకొస్తున్న ఒక పెద్దాయన చెప్పాడు. "యాడికి పోతా ఉండారు సామీ, ఆ ఎండిన ఇసుకలో? నీళ్ళంచుకు రాండి, ఆడ గెట్టిగా ఉంటాది." ఆయన చెప్పిన చోట, పాయ పక్కన జానెడు వెడల్పున, తడిసి బిగుసుకున్న ఇసుక సిమెంటు గచ్చులా ఉంది. దాని మీద దాదాపు అర కిలోమీటరు దిగకుండా తొక్కాం. నడుమ నడుమ ఇసుక తోడేసిన గుంటలు మాత్రం మనసుకు కష్టం కలిగించాయి. కొన్ని నా ఎత్తుకు లోతున్నాయి, అడుగున నీరు చెమ్మగిల్లి నిలిచి ఉంది. ఇసుక ఉన్నంతవరకే ఈ ఏరు నీటిని దాచుకోగలదు, చుట్టుపక్కల బావుల్లో ఊట ఉంటుంది.

పాపానాయుడుపేట గాజుపూసలకు పేరున్న ఊరు, అక్కడ ఆగితే పూట గడిచిపోతుందని ఆగలేదు. గుడిమల్లంలో ఆగాం. పరశురామేశ్వరాలయ గర్భగుడిలోకి మెట్లు దిగి వెళ్ళాలి. దాని వెనుక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. అయిదడుగుల లింగం, దాని ముందు వైపున ఒక యక్షుడి భుజాల మీద నిలబడి చేత పొట్టేలును పట్టుకున్న శివుడు. క్రీస్తుకు పూర్వపు శతాబ్దాల నాటిదని పండితులు చెప్పే ఆ శిల్పం ముందు, చెప్పులూ హెల్మెట్టూ బయట వదిలి, కాళ్ళకు ఏటి ఇసుక అంటుకొని ఉండగా నిలబడితే, ఈ ఏటిని పట్టుకొని మనుషులు ఎంత కాలంగా బతుకుతున్నారో అనిపించింది.

అక్కడి నుంచి శ్రీకాళహస్తి దాకా చెరువుల దారి. దీని గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రయాణంలో నేను నేర్చుకున్నది ఎక్కువగా ఇక్కడే. రోడ్డు మీద కారులో పోయేవారికి చెరువు ఒక నీటి మెరుపు, అంతే. కట్ట మీద గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోయేవారికి అది ఒక యంత్రంలా తన భాగాలన్నీ చూపిస్తుంది. ఒక పక్క అలలు తగిలి కోసుకుపోకుండా పేర్చిన రాతికట్టు, రెండో పక్క ఆయకట్టు పచ్చదనం, నడుమ తూము, చివర ఎక్కువైన నీరు పొర్లిపోయే మొరవ. ఆ మొరవ నీరు వృథాగా పోదు, వాగై కింది చెరువులో చేరుతుంది, అక్కడి మొరవ ఇంకా కిందికి పోతుంది, చివరికి ఏట్లో కలుస్తుంది. నేలంతా చదునుగా ఉన్నట్టు కంటికి కనిపిస్తుంది కానీ, పెడలు మీద కాలికి ఆ వాలు తెలుస్తుంది: ఒక చెరువు నుంచి మరో చెరువుకు పోతున్నప్పుడు తొక్కకుండానే సైకిలు సాగిందంటే, నీరు కూడా అటే పోతున్నదన్న మాట.

ఒక కట్ట మీద తూము దగ్గర నీరుగంటి కనిపించాడు. ఏ మడికి ఎంతసేపు నీరు విడవాలో చూసే పని ఆయనది. తూము గొట్టంలో ఇరుక్కున్న గుర్రపుడెక్కను వెదురుగడతో లాగుతూ, మా సైకిళ్ళను కాక టైర్లనే చూశాడు. టైరుకు అంటిన మట్టిని చిటికెడు తీసి వేళ్ళ నడుమ నలిపి, "ఇది ఏటి ఇసక, ఇది మా కట్టమన్ను" అని వేరు చేసి చూపించాడు. కట్టకు ఏ మట్టి పడితే అది పనికిరాదట. ఇసుక ఎక్కువైతే నీరు ఊరుతుంది, జిగురు ఎక్కువైతే ఎండకు నెర్రెలిస్తుంది. ఆ మాట విన్నాక మిగిలిన దారంతా నేను కళ్ళతో కంటే టైర్ల శబ్దంతోనే నేలను గుర్తుపట్టాను. గరపనేల మీద కరకర, ఇసుక మీద బుసబుస, తడిసిన ఒండ్రు మీద అసలు చప్పుడే లేదు.

సాయంత్రానికి శ్రీకాళహస్తి చేరాం, 46 కిలోమీటర్లయింది. ఆలయం పక్కన స్వర్ణముఖి ఉత్తరానికి తిరిగి పారుతుంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010లో కూలిపోయి, దాని చోట కొత్త గోపురం లేచింది. మేము చూసింది మాత్రం గోపురం కంటే ఎక్కువగా ఏటినే, ఎందుకంటే మోకాలి లోతు పాయలో ఇద్దరు కలంకారీ బట్ట ఉతుకుతున్నారు. కరక్కాయా గేదెపాలూ పట్టించి, బెల్లమూ ఇనుపముక్కలూ నానబెట్టి చేసిన కసిమితో నల్ల గీతలు గీసి, పటిక అద్దిన ఆ బట్టను పారే నీటిలోనే జాడించాలి. నిలవనీటిలో ముంచితే వదిలిన పటికా రంగూ పక్కకు పాకి అంటుకుంటాయని వాళ్ళు చెప్పారు. బట్ట రెండు కొసలూ పట్టుకొని ప్రవాహానికి అడ్డంగా కాక, దాని వాలుకే వదిలి పట్టుకున్నారు. పచ్చిగా ఉన్న నెమలి బొమ్మ నీటిలో కదులుతూ ఉంటే మా వాడు ఫోను తీయడం కూడా మరిచిపోయాడు.

రెండో రోజు తొట్టంబేడు వైపు బయలుదేరాం. అడవి అంచు వెంబడి కొంత దూరం పోయాం. అనుమతి లేకుండా రిజర్వు అడవిలోకి పోకూడదు కాబట్టి ఊళ్ళ బండిదారి వదల్లేదు. బలుసు, కలివి పొదలు, అక్కడక్కడ ఊడుగ, నీడలో రాలిన ఆకుల మీద నెమలి అడుగులు. సర్కారు తుమ్మ ముల్లు ఒకటి నా వెనుక టైరులో దిగింది. ట్యూబ్‌లెస్ టైరులో రంధ్రాలు పూడ్చడానికి పోసిన సీలెంటు అనే ద్రవం బుసబుసమంటూ బయటికి చిమ్మి, చక్రం పది చుట్లు తిరిగేలోపు రంధ్రం మూసుకుంది. ముల్లును పీకకుండా, బయట ఉన్న ముక్క మాత్రం తుంచి ముందుకు సాగాం. తుమ్మ పెరిగిన దారుల్లో పోయేవారికి నేను గట్టిగా చెప్పే సలహా ఇదొక్కటే: మామూలు ట్యూబులతో వెళ్ళవద్దు.

పెళ్ళకూరు మండలంలో నేల రంగు మారింది. ఎరుపు తగ్గి నలుపు వచ్చింది, వరి మడులు కనుచూపు మేర పరుచుకున్నాయి, గట్ల మీద తాటిచెట్లు చిక్కబడ్డాయి. ఒక చెరువు నిండి కట్ట చివర నుంచి నీరు పొర్లుతూ దారిని ముంచింది. చక్రం ఎంత లోతు మునుగుతుందో అర్థంకాక అవతలి గట్టున ఉన్న ఆమెను, "అక్కా, మొరవ దాటొచ్చా?" అని అడిగాను. ఆమెకు నా మాట అర్థం కాలేదు. రెండోసారి చేత్తో చూపించి అడిగితే నవ్వి, "కలుజా? దాటొచ్చు నాయనా, పాచి ఉంటది, దిగి నడవండి" అంది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లా నుంచి శ్రీకాళహస్తినీ, నెల్లూరు జిల్లా నుంచి నాయుడుపేట, సూళ్ళూరుపేటలనూ తెచ్చి కలిపారు. పటంలో పాత గీత చెరిగిపోయింది. చెరువు చివర పొర్లే నీటికి మాత్రం ఇటు మొరవ, అటు కలుజు. ఆ రెండు మాటల నడుమ హద్దును కారులో పోతూ పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. పాచిపట్టిన రాళ్ళ మీద సైకిలు భుజానికెత్తుకొని దాటుతూ, ఈ యాత్రకు వచ్చినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

నాయుడుపేటలో భోజనం చేసి, జాతీయ రహదారిని దాటి మళ్ళీ పొలాల్లోకి దిగాం. దొరవారిసత్రం దగ్గరికి వచ్చేసరికి గాలిలో ఉప్పు తెలిసింది. నేలపట్టు చేరేటప్పటికి ఆ రోజు లెక్క 58 కిలోమీటర్లు.

1976లో అభయారణ్యంగా ప్రకటించిన నేలపట్టు 458 హెక్టార్ల స్థలం: ఒక చెరువూ, దాని చుట్టూ తీరప్రాంతపు పొట్టి అడవీ. చెరువు నీటిలో మునిగి నిలిచిన నీటికడప చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్ళు కడతాయి. పగలు అవి పులికాట్ సరస్సుకు పోయి చేపలు పట్టి, పిల్లల కోసం గొంతుసంచిలో తెస్తాయి. మేము చూస్తుండగా ఒక తల్లి గూటిలో వాలి నోరు తెరిచింది. పిల్ల ఆ సంచిలోకి మెడ దాకా తల దూర్చింది. రెక్కలు కొట్టుకుంటూ, తల్లి మెడను అటూ ఇటూ ఊపేస్తూ చాలాసేపు బయటికి రాలేదు. పక్క కొమ్మల మీద నత్తగుల్లకొంగలు ముక్కులు టకటక కొట్టుకుంటున్నాయి. రెట్టలు పడి పడి చెట్ల పై కొమ్మలు సున్నం కొట్టినట్టున్నాయి. ఆ రెట్టలు కలిసిన నీరే తూములోంచి పొలాలకు పోతుంది. ఆ నీరు పారే మడికి ఎరువు తక్కువ వేస్తే చాలని కట్ట కింది రైతు ఒకాయన చెప్పాడు. పక్షులు రాని ఏడు తమకు మంచి ఏడు కాదని కూడా అన్నాడు.

పొద్దు వాలుతుండగా తిరిగి రావడానికి సైకిళ్ళు తీశాం. తొక్కడం ఆపితే మా వెనుక చక్రాలు పెద్దగా టిక్కుటిక్కుమంటాయి. ఆ చప్పుడుకు దగ్గరి చెట్టు మీద పక్షులు మెడలెత్తాయి. దాంతో ఇద్దరం వెనుక చక్రాలను నేల తగలకుండా సీటు పట్టి ఎత్తుకొని, అడవి దాటి గేటు దాకా నడిచే వచ్చాం.