పాట వయసు చెవితోనే తేల్చొచ్చు

చెన్నై వడపళని, కోడంబాక్కం స్టూడియోల్లో పుట్టిన మన తెలుగు పాట ఏ కాలానిదో తేల్చాలంటే ఫోన్‌లో మెట్రోనోమ్ (ఒకే వేగంతో టిక్ టిక్ కొట్టే యాప్) పెట్టి పల్లవి వేగానికి సరిపెట్టండి. 60ల పాటైతే రెండో చరణానికల్లా తాళం తప్పొచ్చు. తప్పు వాయించినవాళ్లది కాదు. గాయని, వయొలిన్లు, తబలా అంతా ఒకే హాల్లో ఒకే టేకులో కానిచ్చేవారు. జనం కలిసి వాయిస్తే లయ ఊపిరి తీసుకుంటుంది. చివర్లో ఒక్క వయొలిన్ జారినా మళ్లీ మొదటి నుంచే! నిడివి సంగతీ అంతే. పది అంగుళాల 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక వైపు పట్టేది సుమారు 3 నిమిషాలు. మించితే పాటను రెండు వైపులకీ కోయాల్సిందే.

ఒక్కో శబ్దాన్ని విడిగా రికార్డు చేసే మల్టీట్రాక్ టేపు వచ్చాక గొంతు ఒక రోజు, వాద్యాలు ఇంకో రోజు. 90ల్లో సీక్వెన్సర్ (వాద్యాలను కంప్యూటర్‌లా వాయించే యంత్రం), క్లిక్ ట్రాక్ (వాయించేవాళ్ల చెవిలో మోగే టిక్ టిక్) మామూలయ్యాక పాట చివరిదాకా మెట్రోనోమ్‌తో కలిసే నడుస్తుంది.

పాడినవాళ్ల శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్, 1997లో వచ్చిన ఆటోట్యూన్‌ని గమకం దగ్గర పట్టుకోండి. రీట్యూన్ స్పీడ్ (స్వరాన్ని సరిచేయడానికి అది తీసుకునే సమయం) సున్నాకి దించితే స్వరం నుంచి స్వరానికి జారుడు పోయి మెట్లెక్కినట్టు వినిపిస్తుంది. మన సంగీతానికి అదేం న్యాయం? ఆ స్పీడ్ 30 దాటిస్తే జారుడు చాలావరకు బతుకుతుంది.