అప్‌గ్రేడ్ చేయనా, వద్దా?

నా కంప్యూటర్‌ని విండోస్ 10 నుంచి విండోస్ 11కి మార్చాలా అని మూడు వారాలుగా నాలో నాకు ఇదే గొడవ. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు ముగిసింది. మెషీన్ ఏమీ ఆగిపోలేదు, ఎప్పటిలాగే నడుస్తోంది. కాకపోతే మామూలుగా వచ్చే, భద్రతా లోపాలను పూడ్చే సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇక రావు. గొళ్లెం ఊడిన తలుపు దగ్గరికి జారవేసి, దొంగ ఇంకా రాలేదు కదా అని పడుకున్నట్టుంది నా ధీమా.

నిన్న రాత్రి తీరిగ్గా కూర్చుని చూశాను. విండోస్ 11కి కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. నా దాంట్లో లేదనే చూపించింది. హమ్మయ్య, సాకు దొరికిందనుకున్నా! తీరా బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవ్వకముందే తెరుచుకునే సెట్టింగుల్లోకి వెళ్తే అది ఉంది, ఆఫ్ చేసి ఉందంతే. ఇన్నేళ్లూ అక్కడే నిద్రపోతోంది పాపం.

ఆన్ చేశాను గానీ ఆ పైన చెయ్యి ఆడలేదు. వెనకటికోసారి ఇలాగే తొందరపడితే పాత స్కానర్ మళ్లీ నోరు విప్పలేదు, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, అదే సరిపడే డ్రైవర్, దొరకనే లేదు. నచ్చకపోతే 10 రోజుల్లోపు పాతదానికి వెళ్లొచ్చు, నిజమే. నాకేమో లోపాలన్నీ పదకొండో రోజునే కనిపిస్తాయి.

ప్రస్తుతానికి ఫొటోలన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఎక్కిస్తున్నాను. 240 జీబీ. ఇప్పటికి 31 శాతం అయింది. మిగతా సంగతి ఆదివారం చూద్దాం.