బీట్‌రూట్ ఎర్రగా ఉంది కదా అని తాగాను

పోయిన నెల టెస్టు చేయిస్తే నా హిమోగ్లోబిన్ 9.1. కడుపుతో లేని ఆడవాళ్లకు 12 కన్నా తగ్గితే రక్తహీనత అంటారు. మెట్లెక్కితే ఆయాసం, దువ్వితే చేతినిండా జుట్టు, సాయంత్రానికి తలనొప్పి, ఇదంతా ఆఫీసు టెన్షన్ అనుకుంటూ ఏడాది గడిపేశాను. అమ్మకు ఫోన్ చేస్తే "బీట్‌రూట్ జ్యూస్ తాగవే, దానిమ్మ తిను, రక్తం పడుతుంది" అంది. హాస్టల్లో నా రూమ్మేట్లు ముగ్గురిదీ అదే మాట.

పదిహేను రోజులు తాగాను. తర్వాత డాక్టరు గారు చెప్పారు, రక్తం పట్టాలంటే ఐరన్ కావాలట, వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము ఐరన్ కూడా ఉండదట, దానిమ్మలో ఇంకా తక్కువ. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి, మగవాళ్లకు 19 చాలు. నెలనెలా పోయే రక్తం మనదే కదా.

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న నేను అసలు ఊహించలేదు: "టీ ఎప్పుడు తాగుతావమ్మా?" మా హాస్టల్లో టిఫిన్ గిన్నెల పక్కనే టీ ఫ్లాస్కు ఉంటుంది, చివరి ఇడ్లీ ముక్క నమలడం అవకముందే గ్లాసు చేతిలోకి వచ్చేస్తుంది, పైగా ఐరన్ మాత్ర కూడా ఆ టీతోనే మింగేదాన్ని. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఐరన్ మన ఒంటికి పట్టేదే తక్కువ, టీ తాగితే అది కూడా సరిగా పట్టదు. అదే నిమ్మరసం పిండుకుంటే, జామకాయో ఉసిరికాయో తింటే బాగా పడుతుంది. ఇది నాకు పాతికేళ్లు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. "ఐరన్ లోపిస్తే ఏ వ్యాధి వస్తుంది" అని పరీక్షలో అడిగితే మాత్రం టక్కున రాసేదాన్ని!

స్కూల్లో వారానికో నీలం రంగు ఐరన్ మాత్ర ఇచ్చేవాళ్లు. వేసుకుంటే కడుపులో తిప్పేది, విరేచనం నల్లగా అయ్యేది, భయపడి సగంమంది గోడ అవతల పారేసేవాళ్లం. నల్లగా అవడం మామూలేనని ఒక్క మాట చెప్పి ఉంటే వేసుకునేవాళ్లమేమో అని ఇప్పటికీ బాధేస్తుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మా ఫ్లోర్‌లో ఇరవై మందిమి ఉంటాం, ఆ లెక్క గుర్తొచ్చినప్పుడల్లా ఒక్కొక్కరి మొహం చూస్తుంటాను.

ఇంకొకటి. మా అక్కకు వచ్చే నెల పెళ్లి. పిల్లలు కావాలనుకునేవాళ్లు గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర వేసుకోవాలి, ఎందుకంటే బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడే గొట్టం మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతి కూడా తెలియదు. ఇంట్లో చీరల గురించి గంటలు మాట్లాడుతున్నారు, దీని గురించి ఎవరూ ఎత్తలేదు. అందుకే నేనే అక్కకు ఫోన్ చేసి డాక్టర్ని కలవమన్నాను.

ఇప్పుడు టీ పదకొండింటికి మార్చాను. హాస్టల్ ఆంటీని అడిగితే తోటకూర పప్పు వండిన రోజు నిమ్మచెక్కలు కోసి అన్నం గిన్నె పక్కన పెడుతోంది. నిన్న నేను వెళ్లేసరికి ప్లేటులో రెండే మిగిలాయి.