పీఎస్2కి పీఎస్4 ప్యాడ్ కలిపిన వైనం: నా అనుభవం

మా ఇంట్లో పీఎస్2, అంటే సోనీ వాళ్ళ పాత గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 2, ఇంకా బతికే ఉంది. లావు మోడల్. ఫ్యాన్ కాస్త మోత చేస్తుంది గానీ డిస్క్ చదవడంలో ఇప్పటిదాకా మొండికెయ్యలేదు. ఇబ్బంది అంతా కంట్రోలర్‌తోనే. డబ్బా టీవీ ఉన్నప్పుడు చాప పరుచుకుని దాని ముందే కూర్చునేవాళ్ళం కాబట్టి ఆ వైరు పొడవు సరిపోయింది. ఇప్పుడు టీవీ గోడకెక్కింది, సోఫా ఎదురు గోడకి పోయింది. మధ్యలో వైరు లాగితే ఎవరో ఒకరి కాలికి తగలడం, కన్సోల్ స్టాండు అంచుదాకా జారడం. పైగా పాత ప్యాడ్ స్టిక్‌ల మీది రబ్బరు జిగటెక్కింది. బజార్లో కొత్తవని ఇచ్చేవి చూడ్డానికి అచ్చం పీఎస్2 అసలు ప్యాడ్ డ్యూయల్‌షాక్ 2లాగే ఉంటాయి. స్టిక్ నాలుగుసార్లు తిప్పితే చాలు, డూప్లికేట్ అని తెలిసిపోతుంది.

ముందు కోఠిలో ఒక 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ ప్యాడ్ కొన్నాను. రిసీవర్ని కన్సోల్‌కి గుచ్చి, ప్యాడ్‌లో బ్యాటరీలు వేస్తే పని మొదలు. కానీ గేమ్‌లో కథ నడుస్తున్నప్పుడు మనం బటన్లు నొక్కం కదా, ఆ కాసేపట్లో అది నిద్రపోయేది. లేపితే డిజిటల్ మోడ్‌లో లేచేది. అనలాగ్ బటన్ నొక్కి ఎర్ర లైటు వెలిగిస్తే తప్ప స్టిక్ కదలదు. ఈలోగా శత్రువు వచ్చి తన పని తాను కానిచ్చేసేవాడు. దాన్ని పక్కన పడేశాను.

ఇంట్లో పీఎస్4 ప్యాడ్ ఖాళీగానే ఉంది. చేతిలో బాగా ఇముడుతుంది, ఛార్జింగ్ బ్యాటరీ. దాన్నే వాడుకుందామంటే పీఎస్2లో బ్లూటూత్ లేదు. అది వచ్చింది 2000లో. ప్లేస్టేషన్ ప్యాడ్‌లకి బ్లూటూత్ 2006లో పీఎస్3తో గానీ రాలేదు. కాబట్టి మధ్యలో ఒక దుబాసీ కావాలి. దాని పని చిన్నదే. పీఎస్2 పోర్టులో తొమ్మిది పిన్నులుంటాయి. ఆట నడుస్తున్నంతసేపూ కన్సోల్ ఆ పిన్నుల మీదుగా "ఏం నొక్కావు, ఏం నొక్కావు" అని ప్యాడ్‌ని అడుగుతూనే ఉంటుంది. పీఎస్4 ప్యాడ్ గాల్లో పంపినదాన్ని అడాప్టర్ అందుకుని, డ్యూయల్‌షాక్ 2 చెప్పే పద్ధతిలో కన్సోల్‌కి జవాబిస్తుంది. అవతల ఉన్నది మామూలు వైరు ప్యాడే అనుకుంటుంది కన్సోల్.

ఈ పనికి బ్లూరెట్రో అని ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, ఈఎస్‌పీ32 అనే చిప్ మీద నడుస్తుంది. ఇంజనీరింగ్ చదివే మా అక్క కొడుకు "మామా, బోర్డు చవకే, నేను సోల్డరింగ్ చేసిస్తా" అని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి పోయి ఒకటి పట్టుకొచ్చాడు. తీరా చూస్తే అది ఈఎస్‌పీ32-ఎస్3. పేరులో కొత్తది, అంకె పెద్దది, కానీ అందులో ఉన్నది తక్కువ కరెంటుతో నడిచే 'బ్లూటూత్ లో-ఎనర్జీ' రకం ఒక్కటే. పీఎస్4 ప్యాడ్ మాట్లాడేది పాత రకం, 'బ్లూటూత్ క్లాసిక్'. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. దీనికి మొదట వచ్చిన మామూలు ఈఎస్‌పీ32యే కావాలి. బోర్డు కొనేటప్పుడు చిప్ మీది రేకు మూతపై ఏం రాసుందో చదవండి, షాపువాళ్ళు అన్నిటినీ ఈఎస్‌పీ అనే ఇస్తారు. ఆ బోర్డు వాడి కాలేజీ ప్రాజెక్టుకి పోయింది. నేను మాత్రం ఇదే బ్లూరెట్రోతో, పీఎస్2 ప్లగ్గుతో రెడీగా వచ్చే అడాప్టర్ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. కరెంటు కూడా పోర్టు నుంచే తీసుకుంటుంది, వేరే వైరు అక్కర్లేదు. లావు మోడల్‌లో మెమరీ కార్డు స్లాటు కంట్రోలర్ పోర్టుకి సరిగ్గా పైనే ఉంటుంది కాబట్టి, మందంగా ఉన్న అడాప్టర్ కాకుండా పల్చటిది చూసుకోవాలి.

ఇక జత కలపడం. పీఎస్ బటన్ ఒక్కటే నొక్కితే ఏమవుతుందంటే, పక్క గదిలో స్టాండ్‌బైలో ఉన్న పీఎస్4 బీప్‌మని లేస్తుంది. ఆ ప్యాడ్‌కి తెలిసిన ఇల్లు అదొక్కటే మరి. షేర్ బటన్, పీఎస్ బటన్ రెండూ కలిపి నొక్కి పట్టుకోవాలి. ముందువైపు లైట్‌బార్ తెల్లగా టకటకా కొట్టుకుంటుంది, అప్పుడు వదలాలి. అడాప్టర్ ఆన్‌లో ఉంటే కాసేపటికి లైటు నిలకడగా వెలుగుతుంది, అంతే. పీఎస్2 ఆటల్లో షేర్ బటన్ సెలెక్ట్ బటన్‌లా, ఆప్షన్స్ బటన్ స్టార్ట్ బటన్‌లా పనిచేస్తాయి. ఆ తర్వాత నుంచి ఉత్త పీఎస్ బటన్ చాలు. ఈ ప్యాడ్ ఒకసారికి ఒక్క యజమానినే గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి మళ్ళీ పీఎస్4కి కావాలంటే యూఎస్‌బీ వైరు గుచ్చి, పీఎస్ బటన్ నొక్కాలి.

వైబ్రేషన్ మొదట రాలేదు. అడాప్టర్ సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చెయ్యాలి. ఆ సెట్టింగ్స్ పేజీ క్రోమ్ బ్రౌజర్‌లోంచి బ్లూటూత్ ద్వారా నేరుగా అడాప్టర్‌తో మాట్లాడుతుంది. ఐఫోన్ సఫారీలో తెరిస్తే లాభం లేదు, ఆండ్రాయిడ్ ఫోనో లాప్‌టాపో తీసుకోండి.

అందరూ అడిగేది లాగ్ గురించే, అంటే బటన్ నొక్కాక తెర మీద కదలిక వచ్చేలోపు ఆలస్యం గురించి. నాకూ మొదటి సాయంత్రం బటన్ నొక్కాక మనిషి ఆలస్యంగా ఎగిరినట్టే అనిపించింది. మా వాడు వెంటనే "బ్లూటూత్ కదా మామా, అంతే ఉంటది" అని తీర్పు చెప్పేశాడు. అదే టీవీకి పాత వైరు ప్యాడ్ పెట్టి చూశాం. అదే ఆలస్యం! ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి వేలు, తెర రెండూ పడేలా వీడియో తీసి లెక్కపెట్టాం. ఆ వేగంలో ఒక్కో ఫ్రేము దాదాపు 4 మిల్లీసెకన్లు. వైరు ప్యాడ్‌కీ బ్లూటూత్‌కీ తేడా వెతికి పట్టుకోవాల్సినంత. టీవీ మామూలు పిక్చర్ మోడ్‌కీ గేమ్ మోడ్‌కీ తేడా మాత్రం కంటికే కనిపించింది. పీఎస్2 చాలా గేముల్లో 480ఐ బొమ్మ ఇస్తుంది, అంటే గీత విడిచి గీత. ఎల్‌సీడీ టీవీ వాటిని కలిపి, సాగదీసి, మెరుగులు దిద్దాక గానీ చూపించదు. ఆలస్యం అక్కడ పుడుతుంది, మనం తిట్టేది మాత్రం ప్యాడ్‌ని. గేమ్ మోడ్ పెట్టి, పసుపు పిన్ను వైరు తీసేసి కాంపొనెంట్ కేబుల్ వేశాక బొమ్మా తేరుకుంది. అమ్మావాళ్ళింట్లో మూల పడి ఉన్న డబ్బా టీవీకి ఇదే సరంజామా తగిలిస్తే, వైరు లేదన్న సంగతే గుర్తురాలేదు.

డిస్కులన్నీ ఒక్కొక్కటే పెట్టి చూశాను. 2009లో మన హైదరాబాద్ కంపెనీ గేమ్‌శాస్త్ర చేసిన 'దేశీ అడ్డా' కూడా ఉంది నా దగ్గర, కబడ్డీ, చిర్రగోనె ఆడుకునేది. హాయిగా నడిచింది.

పేచీ వచ్చింది మెటల్ గేర్ సాలిడ్ 3తో. డ్యూయల్‌షాక్ 2లో దాదాపు ప్రతి బటనూ ఎంత గట్టిగా నొక్కామో కన్సోల్‌కి చెబుతుంది. పీఎస్4 ప్యాడ్‌లో ఆ గుండ్రం, చతురస్రం బటన్లకి నొక్కడం, వదలడం తప్ప మధ్యస్థం లేదు. ఈ గేమ్‌లో గార్డుని వెనకనుంచి పట్టుకుని సర్కిల్ మెల్లగా నొక్కి ఉంచితే బందీగా ఉంటాడు, గట్టిగా నొక్కితే గొంతు తెగుతుంది. మన కొత్త ప్యాడ్‌కి తెలిసింది గట్టిగా నొక్కడం ఒక్కటే. ఎవరిని పట్టుకున్నా ప్రాణం పోవాల్సిందే, ప్రశ్నలడిగే అవకాశమే లేదు. రేసింగ్ గేముల్లో అయితే యాక్సిలరేటర్‌ని కుడి స్టిక్‌కి మార్చుకుని సర్దుకోవచ్చు. ఇక్కడ దారి లేదు. ఈ డిస్క్ పెట్టే రోజున అడాప్టర్ పీకి జిగట ప్యాడే గుచ్చుతున్నాను. మా వాడికి మాత్రం బ్లూటూతే నయమట, గార్డు మళ్ళీ లేస్తాడన్న భయం ఉండదంటాడు.