మూడడుగుల మేర

వినాయక చవితి వెళ్ళిన ఎనిమిదో రోజున, భాద్రపద శుద్ధ ద్వాదశి నాడు వామన జయంతి వస్తుంది. దానికి పందిళ్ళుండవు, మైకులుండవు. చాలా ఇళ్ళల్లో గుర్తు కూడా ఉండదు. మా ఇంట్లో మాత్రం ఆ సాయంత్రం దీపం పెట్టి, దద్ధోజనం నైవేద్యం చేసి, పోతన గారి భాగవతం అష్టమ స్కంధంలోంచి వామన చరిత్ర పైకి చదువుతాను. పిల్లలిద్దరూ చెరో పక్క కూర్చుంటారు.

మూడేళ్ళ కిందట ఆ పండుగకి కాస్త ముందే ఈ ఫ్లాట్‌లోకి మారాం. సామాను తెచ్చినవాళ్ళు దింపుతూ లెక్కపెట్టారు. ఎనభై రెండు అట్టపెట్టెలు. ఉన్నది నలుగురం, అందులో ఒకడు మూడేళ్ళవాడు. దేవుడి పటాలు పెట్టడానికి చోటు చేద్దామంటే ఎటు చూసినా పెట్టెల మీద పెట్టెలు. వాటి మధ్యే చాప వేసుకుని పుస్తకం తెరిచాను. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన పద్యాలే. ఆ రోజు మాత్రం గొంతు ఒక చోట ఆగిపోయింది.

కథ అందరికీ తెలిసిందే. నర్మద ఉత్తరపు ఒడ్డున, భృగుకచ్ఛంలో బలి చక్రవర్తి యాగం చేస్తున్నాడు. విష్ణువే వామనుడై, చిన్న వడుగు (బ్రహ్మచారి) రూపంలో నడుచుకుంటూ వచ్చాడు. ఆ ముఖంలో తేజస్సు చూసి బలి పొంగిపోయి, ఏం కావాలో అడగమన్నాడు. "వరచేలంబులొ, మాడలో, ఫలములో, వన్యంబులో, గోవులో, హరులో, రత్నములో, రథంబులొ" అని మొదలుపెట్టి మృష్టాన్నాలు, కన్యలు, ఏనుగులు, బంగారం, భవనాలు, ఊళ్ళు, భూములు అంటూ చివరికి రాజ్యంలో ఒక ఖండం దాకా వెళ్ళాడు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదహారు.

వామనుడు ఒకటి రెండడుగుల మేర ఇస్తే చాలన్నాడు. బలికి చిన్నతనమనిపించింది. పసివాడివి, నీకు అడగడం చేతకాలేదు, ఇంత కొంచెం నేనెలా ఇచ్చేది అన్నాడు. దానికి జవాబు ఈ పద్యం: "గొడుగో, జన్నిదమో, కమండలువొ, నాకున్ ముంజియో, దండమో". గొడుగు, జంధ్యం, కమండలం, నడుముకి కట్టే ముంజిగడ్డి తాడు, దండం, నాలాంటి వడుగుకి పనికొచ్చేవి ఇవి, నేనెక్కడ, భూములెక్కడ, ఏనుగులెక్కడ అన్నాడు. "మదాకాంక్షామితంబైన" మూడడుగులు, అంటే నా కోరిక ఎంతో అంతకి కొలిచినవి, ఇస్తే అదే నాకు బ్రహ్మాండం అన్నాడు. ఆయన పట్టికలో ఉన్నవి ఐదే ఐదు.

పదహారుకీ ఐదుకీ మధ్య, ఎనభై రెండు పెట్టెల నడుమ కూర్చుని ఉన్నాను.

ఈ పద్యాలు రాసిన పోతన గారే భాగవతం మొదట్లో ఇంకో మాట చెప్పుకున్నారు. రాజులకి కృతి ఇచ్చి "పురంబులు వాహనంబులున్ సొమ్ములుఁ" పుచ్చుకోవడం తనకి వద్దని, ఈ కావ్యం శ్రీహరికే ఇస్తున్నానని. ఊళ్ళు, వాహనాలు, సొమ్ములు. బలి వామనుడి ముందు పెట్టినవి కూడా ఇవే కదా! బమ్మెర పోతన దగ్గర కూడా ఆ పట్టిక ఉంది, ఆయనా కాదన్నారు. అందుకేనేమో, "గొడుగో, జన్నిదమో" అన్న మాటలో అంత నిబ్బరం ఉంటుంది. కోరికని బలవంతంగా అణిచిపెట్టుకున్నవాడి గొంతు కాదది.

ఆ వెంటనే వచ్చే కంద పద్యం మా తెలుగు మేష్టారు బడిలో బట్టీ పట్టించింది:

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తంబగు లేశమైనఁ బదివేలనుచుం
దృప్తిం జెందని మనుజుఁడు
సప్తద్వీపముల నయినఁ జక్కంబడునే?

దొరికింది రవ్వంతయినా అదే పదివేలు అనుకోలేనివాడు ఏడు ద్వీపాలు ఇచ్చినా చక్కబడడు అని. ఇప్పటికీ మనం మాట్లాడుకునేటప్పుడు "వచ్చాడు, అదే పదివేలు" అంటాం. ఆ మాటలో ఇంత ఉందని ఎప్పుడైనా ఆగి చూశామా?

ఆ రాత్రి నాకు ఆవేశం వచ్చింది. పొద్దున్నే మొదలుపెట్టి వారం రోజులు పెట్టెలు విప్పడం, తీసేయడం. ప్లాస్టిక్ డబ్బాలన్నీ తీసేసి గాజు సీసాలు ఆర్డర్ పెట్టాను. పిల్లల బొమ్మలు సగం ఇచ్చేశాను, వాళ్ళని అడగకుండానే. పాత సామాన్లు కొనే అతను వస్తే ఒక అట్టపెట్టె నిండా ఇచ్చి పంపించాను. అందులో మా మామగారి ట్రాన్సిస్టర్ రేడియో ఉంది. పనిచేయదు. పక్కన తోలు కవరు చిరిగిపోయింది. సాయంత్రం మా వారు వచ్చి వెతికారు. నన్నేం అనలేదు. బాల్కనీలోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డారు. మర్నాడు ఆ సామాన్లతన్ని వెతుక్కుంటూ వెళ్ళాను, అప్పటికే తూకానికి వెళ్ళిపోయిందన్నాడు.

ఆ తప్పు నన్ను మళ్ళీ పుస్తకం దగ్గరికి తీసుకెళ్ళింది. ఏం తప్పు చదివాను అని.

అప్పుడు చూశాను, ఆ ఐదు వస్తువులూ వామనుడికి ఎలా వచ్చాయో. కొంచెం వెనక్కి వెళితే ఆయన ఒడుగు ఘట్టం ఉంటుంది. జంధ్యం బృహస్పతి ఇచ్చాడు. ముంజి తండ్రి కశ్యపుడు కట్టాడు. దండం చంద్రుడు ఇచ్చాడు. గొడుగు ఆకాశం ఇచ్చింది. కమండలం బ్రహ్మ ఇచ్చాడు. ఇంకా భూమి జింకచర్మం, తల్లి అదితి కౌపీనం, సరస్వతి జపమాల, కుబేరుడు భిక్షాపాత్ర ఇచ్చారు. ఆ పాత్రలో మొదటి భిక్ష ఉమాదేవి వేసింది. వామనుడి ఒంటి మీద ఉన్న ఒక్కొక్క వస్తువుకీ ఇచ్చినవాళ్ళ పేరు ఉంది. నేను వస్తువులు లెక్కపెట్టాను గానీ పేర్లు చదవలేదు. మామగారి రేడియోకి పేరు ఉంది. కొత్తగా కొన్న గాజు సీసాలకి లేదు. పైగా బాగున్న డబ్బాలు పారేసి, పర్యావరణం పేరు చెప్పి, మళ్ళీ కొన్నవే అవి.

మా అమ్మమ్మ కుట్టిన బొంత ఒకటి మా ఇంట్లో ఉంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ నేత చీరలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచులు లోపలికి మడిచి, లావు దారంతో వరసలు వరసలుగా కుట్టింది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక అరుగు మీద కూర్చుని కుట్టేది, సూది గుచ్చుకోకుండా వేలికి గుడ్డ పేలిక చుట్టుకుని. కుట్టు ఒక చోట పక్కకి జరిగి ఉంటుంది. అప్పటికి ఆవిడకి చూపు మందగించింది. మా అబ్బాయి ఆ వంకర కుట్టు మీద వేలు పెట్టి రాస్తూ నిద్రపోతాడు. ఆకుపచ్చ చీర ఎవరిది, గళ్ళ చీర ఎవరిదీ అని రోజూ అడుగుతాడు. సమాధానం తెలుసు, అయినా అడుగుతాడు.

తక్కువ వస్తువులతో, భూమికి భారం కాకుండా పిల్లల్ని పెంచాలని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు. నాకూ అదే తపన. అయితే ఇల్లు ఖాళీగా కనబడటం మీద మోజు పడి చాలా దూరం వెళ్ళిపోతామేమో అని నా భయం. అటక మీద ఏముందో తెలియనంత కొనడం ఒక మరుపు. ఎవరిచ్చారో ఆలోచించకుండా పారేయడం కూడా మరుపే.

ఇంకొక్క పద్యం చెప్పాలి, ఇల్లాలిగా నాకు చాలా ఇష్టమైనది. దానం ధారపోయాలంటే వటువు కాళ్ళు కడగాలి. అప్పుడు బలి భార్య వింధ్యావళి బంగారు కలశంతో "జలముఁ దెచ్చె భర్త సన్న యెఱిఁగి". గురువు శుక్రాచార్యుడు వద్దు వద్దని ఎంత చెప్పినా వినకుండా భర్త సర్వస్వం ఇచ్చేయబోతున్నాడు. ఆమె ఆ కనుసన్న గ్రహించి నీళ్ళు తెచ్చింది. వాళ్ళిద్దరూ ముందు ఏం మాట్లాడుకున్నారో పోతన రాయలేదు, కానీ సన్న అందాలంటే లోపల ఎంత కలిసి ఉండాలి? ఇంట్లో ఒకరికి వైరాగ్యం వచ్చి మిగతావాళ్ళ చేతుల్లోంచి లాగేస్తే దానికి త్యాగమని పేరు పెట్టలేం. ఆ వారం నేను చేసింది అదే. ఇప్పుడు ఏదైనా ఇవ్వాలంటే ముందు అది ఎవరిదో వాళ్ళని అడుగుతాను. వాళ్ళు వద్దంటే ఉంచుతాను.

పిల్లల విషయంలో ఇది ఇంకా సున్నితం. మా అమ్మాయి రెండో క్లాసులో ఉండగా ఒక రోజు బడి నుంచి వచ్చి బ్యాగు మూలన విసిరేసింది. అది మా అక్క కూతురు వాడిన బ్యాగు. పక్క పిల్ల "పాతది" అందట. నాకు పద్యం చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఎందుకంటే ఆ పద్యంలోనే "వగవక" అని ఉంది. ఏడుస్తూ సరిపెట్టుకునేది తృప్తి కాదు. పిల్లకి నేను తృప్తి పేరుతో ఏడుపు ఇస్తే రేపు అది ఏడు ద్వీపాలూ కొనుక్కోవాలనే చూస్తుంది. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని బ్యాగు ఉతికాం. జిప్పు పాడైతే రోడ్డు చివర చెప్పులు కుట్టే అతని దగ్గర కొత్త జిప్పు వేయించాం. వెనకాల దాని పేరు రంగు దారంతో కుట్టాను. అక్క పేరు కూడా కుట్టమంది. రెండు పేర్లతో ఇంకో ఏడాది వాడింది. తర్వాత కొత్తది కావాలంది, కొన్నాం. ఆ కొనడంలో నాకు తప్పు కనబడలేదు.

ఇదే పిల్ల పోయినేడు వామన జయంతికి నన్ను నిలదీసింది. "చిన్నగా ఉన్నప్పుడు మూడడుగులు అడిగి, పెద్దగా అయిపోయి కొలిస్తే మోసం కాదా అమ్మా?" అని. "ఇంతింతై, వటుఁడింతయై" పద్యం ఊపు మీద చదువుతున్నదాన్ని ఆగిపోయాను. పెద్దలు దీనికి చాలా సమాధానాలు చెప్పారు. నేను నాకు తోచింది చెప్పాను. బలి అప్పటికే శుక్రుడితో అనేశాడు కదా, "కారే రాజులు? రాజ్యముల్ గలుగవే?" అని. ఎందరు రాజులు పోలేదు, వాళ్ళు సిరిని మూట కట్టుకుని పోగలిగారా అని. మోసపోతానని తెలిసే ఇచ్చాడు. అంతా పోయాక కూడా ఆయన దగ్గర ఇవ్వడానికి తల మిగిలింది, మూడో అడుగుకి అది చాలింది. ఆ తర్వాత సుతలంలో స్వామే ఆయన వాకిట కాపలా ఉన్నాడు. "కాపలా అంటే మన వాచ్‌మన్ తాతలాగా?" అంది. అవునన్నాను. కొంచెంసేపు ఊరుకుని, "అయితే సరే" అంది. పూర్తిగా ఒప్పుకుందని నేను అనుకోను.

ఆ సాయంత్రమే మాకో పద్ధతి మొదలైంది. సంస్కృత భాగవతంలో వామనుడు ఆ మూడడుగులు నా పాదంతో కొలిచినవి అని స్పష్టంగా అంటాడు. ఆ మాట చెప్పగానే పిల్ల లేచి వెళ్ళి తన బొమ్మల అర ముందు నిలబడింది. కాలు అర మీద పెట్టి, మడమకి వేలు ఆనించి, మూడు పాదాలు కొలిచి పెన్సిల్‌తో గీత గీసింది. గీతకి ఇవతల పట్టినవి ఉంచుకుంది. పట్టనివి తనే తీసి, ఒక్కొక్కటీ ఎవరికివ్వాలో పేర్లు చెప్పింది. రెండు బొమ్మల దగ్గర ఏడుపొచ్చింది. వాటిని కింద పెట్టెలో ఉంచాం, వచ్చే ఏడాది చూద్దామని. తమ్ముడు కూడా తన అర మీద కాలు పెట్టాడు. వాడి పాదం చిన్నది, వాడికి తక్కువ చోటొచ్చిందని పేచీ పెట్టాడు. వాళ్ళ నాన్న పక్కన కూర్చుని, తన పుస్తకాల అర మీద తన పాదం పెట్టి కొలిచారు. నేను వంటింట్లో సీసాల అర దగ్గరికి వెళ్ళాను.

ఈసారి మళ్ళీ కొలిచాం. పిల్ల పాదం పెరిగింది. పోయినేటి గీతకి అవతల రెండు వేళ్ళ వెడల్పు ఎక్కువొచ్చింది. "చూశావా, నాకు ఇంకొంచెం వచ్చింది" అంటూ కింద పెట్టెలోంచి రెండు బొమ్మల్లో ఒకదాన్ని తీసుకుని, ఆ ఖాళీలో నిలబెట్టింది.