ఆవు ఆమ అయింది

బుధవారం. తెల్లవారినప్పటి నుంచి ముసురు. తండా పిల్లలు వాగు దాటి రావాలి కనుక సగం మంది రారనుకున్నాను. అందరూ వచ్చారు, తడిసిన పుస్తకాల సంచులతో సహా. రెండో గది కారుతోందని ఒకటి, రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టాను. కారకపోయినా అలాగే కూర్చోబెడతాం లెండి, బడిలో ఉన్నది ఇద్దరం టీచర్లమే.

ఉదయం గుణింతాలు. "కకు తలకట్టిస్తే క, కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి..." గది దద్దరిల్లిపోయేలా అందుకుంటారు. రోడ్డు మీద పోయేవాళ్లకు చదువు పరుగులు పెడుతున్నట్టే వినిపిస్తుంది. నాకు ఆ హోరు మీద నమ్మకం తక్కువ. ఎవరు బోర్డు చూసి అంటున్నారో, ఎవరు పక్కవాళ్ల గొంతులో గొంతు కలుపుతున్నారో అందులో తేలదు. పాట అయ్యాక బోర్డు మీద 'కొ' రాసి, అందరికంటే గట్టిగా పాడే రెండో తరగతి అమ్మాయిని లేపి అడిగాను. వెంటనే చెప్పలేదు. కళ్లు పైకెత్తి పెదవులు కదిపింది. క, కా, కి, కీ... లోలోపల మొదటి నుంచి వస్తోంది. కాసేపటికి "కొ, టీచర్" అంది. తప్పు కాదు. కానీ అక్షరం అక్షరానికీ గుణింతమంతా నడిచి రావాలంటే 'కొబ్బరికాయ' పూర్తయ్యేసరికి అన్నం గంట కొడతారు.

గుణింతాలు వల్లె వేయించొద్దు, పదాలతోనే మొదలుపెట్టండి అని శిక్షణల్లో చెబుతుంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఆ పాట వచ్చింది కనుకనే ఆ పిల్ల ఆలస్యంగానైనా 'కొ' దగ్గరికి చేరింది. పాట రాని పిల్లలు అలాంటప్పుడు నా ముఖం చూస్తారు, జవాబు అక్కడ రాసి ఉన్నట్టు. పాట ఉండనివ్వాలి, దాన్ని కలగాపులగం చేసి అడగడమూ ఉండాలి. అట్టముక్కల మీద ఒక్కో గుణింతాక్షరం రాసి, కలిపేసి, పిల్లల చేతే తీయించి చదివిస్తున్నాను. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలకు ఇది ఇంకా అవసరం. వాళ్లకు అక్షరంతో పాటు మాట కూడా కొత్తే. 'కొడవలి' అని చదివినా అదేమిటో తెలియాలంటే బొమ్మ చూపించాలి.

తర్వాత డిక్టేషన్. పలక, మేక, ఆవు అని చెప్పాను. ఇంట్లో నిజం ఆవులున్న అబ్బాయి 'ఆమ' అని రాశాడు.

"ఏం రాశావు నాన్నా?"

"ఆవు, టీచర్."

"వేలు పెట్టి చదువు."

"ఆ... వు." వాడికి ఏ అనుమానమూ లేదు.

పలక చేతిలోకి తీసుకుని చూశాను. వ రాశాడు, పక్కన కొమ్ము తగిలించాడు, కకు తగిలించినట్టే, తకు తగిలించినట్టే. నేర్పినదాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. కానీ వ పక్కన అలా కొమ్ము పెడితే అది మ అయి కూర్చుంటుంది. అందుకే 'వు' రాసేటప్పుడు కొమ్మును కిందికి దింపుతాం. మనం చేతి అలవాటు కొద్దీ దింపేస్తాం, ఎందుకని ఎవరూ అడగరు. 'మి' మాత్రం తక్కువదా, 'వి'కి కొమ్ము అతికించినట్టే ఉంటుంది. తెలుగు రాసినట్టే పలుకుతాం కనుక సులువు అంటారు. పలకడం వరకు నిజమే. బరువంతా కంటి మీద, చేతి మీద పడుతుంది. ఆ పలక మీద తప్పు కొట్టబుద్ధి కాలేదు. పక్కన 'వు' రాసి, కొమ్ము ఎక్కడి నుంచి మొదలవుతుందో వాడి వేలు పట్టుకుని దిద్దించాను.

మధ్యాహ్నం ఇంగ్లీషు. 2022-23 నుంచి మా తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. బోర్డు మీద సి, ఎ, టి రాసి, పేర్లు కాదు ధ్వనులు చెప్పమన్నాను. "క... ఆ... ట..." కలిపితే "కాట". ఇంకొకరు సరిచేశారు: "క్యాటు". వీళ్లకు క అంటే అ కలిసిన క. అదీ కాక తెలుగు మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. పెన్ను, బస్సు, కారు అనే నోరు 'ట్' దగ్గర ఆగమంటే ఎందుకు ఆగుతుంది?

అప్పుడు పొల్లు పట్టుకున్నాను. క రాసి, పైనున్న తలకట్టు తుడిచేసి, ఆ చోట పొల్లు పెట్టాను. తలకట్టు పోతే అ పోయింది, ఇప్పుడు పలకండి అన్నాను. "క్" అన్నారు కొందరు. మిగతావాళ్లకు అ తోకలా వస్తూనే ఉంది. మొదటి తరగతి బుడతడొకడు "క్" అన్న మరుక్షణం అరచేత్తో నోరు మూసేసుకున్నాడు, వెనకాల వచ్చే అ బయటపడకుండా. నాకు ఏ శిక్షణలోనూ చెప్పని ఉపాయం! గదిలో అందరికీ అదే చేయించాను. క్, నోరు మూత. ట్, నోరు మూత. పప్పు గిన్నెలు కడిగి వెళ్తున్న వంట అక్క కిటికీలోంచి తొంగిచూసి, "అందరికీ ఒకేసారి పంటినొప్పి వచ్చిందా టీచర్?" అంది. ఇంకో పావుగంటకు క్యాట్, బ్యాట్, మ్యాట్ మూడూ టు లేకుండా ముగిశాయి.

ఆ వెంటనే ప్రశ్న: "దాన్ని సి అంటాం కదా టీచర్, మరి క్ అని ఎందుకు పలుకుతుంది?" మన కను క అనే పిలుస్తాం, క అనే పలుకుతాం. ఇంగ్లీషులో పిలిచే పేరు ఒకటి, పలికే ధ్వని ఒకటి అని చెప్పాను. 'సిటీ'లో అదే సి, స్ అవుతుందన్న సంగతి ఇవాళ బయటపెట్టలేదు.

బడి వదిలే వేళకు గొడుగు పట్టుకొచ్చిన ఒక నానమ్మ, "తెలుగు ఇంట్లో మాట్లాడుతూనే ఉన్నాడు కదమ్మా, ఇంగ్లీషు చెబితే చాలదా?" అంది. మాట్లాడటం వేరు, చదవడం వేరు అని వాదించలేదు. పొల్లు కథ చెప్పాను. తెలుగులో తలకట్టు ఏం చేస్తుందో తెలిసినవాడికే ఇవాళ క్యాట్ వచ్చిందమ్మా అన్నాను. నమ్మిందో లేదో, "ఏదో మీరే చూడండి" అని మనవణ్ణి గొడుగు కిందికి లాక్కుంది.

సాయంత్రం, ఎవరికి ఏం వచ్చిందో టిక్కు పెట్టే రికార్డు. కేంద్రం 2021లో నిపుణ్ భారత్ అనే చదువు కార్యక్రమం మొదలుపెట్టింది, 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలన్నది లక్ష్యం. మన రాష్ట్రంలో అందుకోసమే 2022లో తొలిమెట్టు కార్యక్రమం వచ్చింది. లక్ష్యంతో నాకు పేచీ లేదు. గుణింతం లెక్కపెట్టుకుంటూ 'కొ' చేరిన అమ్మాయికి గుణింతాక్షరాలు వచ్చినట్టా, రానట్టా? టిక్కు పెట్టలేదు. అట్టముక్కలతో ఇంకో వారం ఆడించి చూస్తాను.

రేపటి నుంచి ఒత్తులు. క, ప, బ లాంటివి తమ అక్షరాన్ని పోలి ఉంటాయి, వాటికి భయం లేదు. త, న, మ, య, ర, ల ఒత్తులే వేషం మార్చుకుని వస్తాయి. వాటికి విడిగా అట్టముక్కలు కావాలి. కిరాణా కొట్లో ఖాళీ అట్టపెట్టె అడిగి తెచ్చాను గానీ కత్తెర బళ్లోనే మరిచిపోయాను, వంటింటి కత్తితో కోయాలి.