మూసీలో ఉల్లిపాయ సంచులు: నీటి పురుగుల లెక్క ఎంతవరకు వచ్చింది

నీటిలో బతికే పురుగులను బట్టి నది ఎంత బాగుందో తేల్చే పద్ధతి పుస్తకాల్లో సులువుగానే ఉంటుంది. శుద్ధి చేసిన మురుగునీరు నదిలో కలిసే చోటికి ఎగువన ఒక నమూనా, దిగువన ఒక నమూనా తీసి, దొరికిన పురుగులను పోల్చాలి. మూసీ దగ్గర ఇది తలకిందులవుతుంది. అంబర్‌పేట పాత శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 339 మిలియన్ లీటర్లు. ఆ నీరు చేరేది తేట నదిలోకి కాదు, అప్పటికే నగరం మురుగు మోసుకొస్తున్న పాయలోకి. కాబట్టి దిగువన పురుగుల రకాలు పెరిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు. అంతమాత్రాన శుద్ధి నీటికి పురుగులతో పేచీ లేదని తేల్చేయలేం.

అందుకే నాలుగు చోట్లు ఎంచుకున్నాను: మూసీ పుట్టే అనంతగిరి కొండల్లో ఒక వాగు, నగరంలో నీళ్లు కలిసే చోటికి ఎగువ, దిగువ, ఇంకా కిందికి వెళ్లాక ఒక చిన్న ఆనకట్ట (ఊళ్లలో కత్వ అంటారు) దాటిన చోటు.

జనవరి

నగరంలో నది అడుగంతా నల్లటి బురద, వాగులో గులకరాళ్లు. బురద పురుగులను రాళ్ల పురుగులతో పోలిస్తే తెలిసేది అడుగు సంగతే తప్ప నీటి సంగతి కాదు. దానికి విరుగుడు ఉల్లిపాయల వల సంచి. ఒక్కో సంచిలో కడిగిన 20 మిల్లీమీటర్ల కంకర రెండు కిలోలు, నాలుగు పెంకు ముక్కలు. నైలాన్ తాడుతో ఒడ్డున చెట్టుకు కట్టి, సంచి బురదలో కూరుకుపోకుండా ఒక ఇటుక మీద నిలపాలి. నాలుగైదు వారాల్లో పురుగులు వచ్చి కాపురం పెడతాయి. అన్ని చోట్లా ఇల్లు ఒకటే కనుక తేడా వస్తే చాలావరకు నీటిదే అనుకోవచ్చు. పైగా మురుగులో మోకాలిలోతు దిగాల్సిన పని ఉండదు. అయినా మోచేతుల దాకా రబ్బరు తొడుగులు తప్పనిసరి. ఎలుక మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, గీసుకున్న చేతితో ఆ నీళ్లు తాకకూడదు.

ఫిబ్రవరి

సంచిని పైకి లాగే ముందు దాని కిందికి సన్నటి వల జరపాలి. లేకపోతే మేఫ్లై (మొప్పలతో బతికే, మురుగును పెద్దగా ఓర్చుకోని పురుగు) పిల్లలు నీటిలోనే జారుకుంటాయి. తర్వాత బకెట్లో కడిగి, అర మిల్లీమీటరు జల్లెడ పట్టి, తెల్లటి ట్రేలో పోసి ఏరుకోవాలి. రకాలు విడదీయడానికి ఐస్ ట్రేను మించింది లేదు. నిల్వకు మందుల షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సరిపోతుంది.

కలిసే చోటికి ఎగువ సంచిలో కైరోనోమస్ అనే దోమలాంటి ఈగ ఎర్రటి డింభకాలు (పిల్ల పురుగులు), సన్నటి వానపాముల్లాంటి ట్యూబిఫెక్స్ పురుగులు, తోకలాంటి గొట్టంతో పైనుంచి గాలి పీల్చే ఎరిస్టాలిస్ ఈగ డింభకాలు. కైరోనోమస్ ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది కనుకే ఆ ఎరుపు, ఆక్సిజన్ అడుగంటిన బురదలోనూ ఆ బతుకు. దిగువ సంచిలో వీటితోపాటు నత్తలు, తూనీగ డింభకాలు, నీటి నల్లులు కూడా ఉన్నాయి. మేఫ్లై ఒక్కటీ లేదు.

ఇక్కడ కొంచెం ఆగాలి. నీటి నల్లులు, పేడ పురుగుల్లా కనిపించే నీటి పురుగులు, దోమ పిల్లలు గాలిని ఉపరితలం నుంచే తెచ్చుకుంటాయి. నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఉందో వాటిని చూసి చెప్పలేం. అందుకే మొప్పలతో బతికే వాటిని వేరే గడిలో రాస్తున్నాను. ఆ గడిలో చూస్తే దిగువ సంచి మెరుగుదల సగానికి పైగా కరిగిపోయింది.

మేఫ్లై లేకపోవడానికి నా అనుమానం అమ్మోనియా మీద. అంబర్‌పేట పాత కేంద్రంలో వాడే యూఏఎస్‌బీ పద్ధతి గాలి తగలని తొట్లలో బ్యాక్టీరియాతో పని చేయిస్తుంది. అది కర్బన భారాన్ని (నీటిలో కుళ్లే పదార్థాన్ని) బాగా దించుతుంది కాని అమ్మోనియాను దాదాపు ముట్టుకోదు. అమ్మోనియాలోనూ అసలు విషం అయాన్‌గా మారని (విద్యుదావేశం లేని) భాగమే. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే అది వందలో ఒక వంతు కూడా ఉండదు, 8.5కి చేరితే దాదాపు 15 వంతులు. నాచు ఉన్న చోట మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది. అక్వేరియం కిట్‌తో పొద్దున అమ్మోనియా కొలిచి ఊరుకుంటే ఈ సంగతి దొరకదు. పీహెచ్, ఉష్ణోగ్రత కూడా అదే గంటలో రాసుకోవాలి.

మార్చి

కత్వ కింద సంచి ఆసక్తికరం. నీళ్లు రాళ్ల మీద దూకి గాలి కలుపుకునే చోట బేటిడే కుటుంబం మేఫ్లైలు కొన్ని, వల అల్లి నీటిలో కొట్టుకొచ్చే తిండిని పట్టుకునే హైడ్రోసైకిడే కుటుంబం డింభకాలు కొన్ని దొరికాయి. శుద్ధి నీటిలో మిగిలే సన్న రేణువులు వీటికి భోజనమే, ఆక్సిజన్ ఉంటే చాలు.

మార్కులకు బీఎండబ్ల్యూపీ పట్టిక వాడుతున్నాను; మురుగును ఓర్చుకోలేని పురుగుల కుటుంబాలకు అందులో ఎక్కువ మార్కులు. మేఫ్లైలలోనే ఇంకో కుటుంబమైన హెప్టజెనిడేకి 10, హైడ్రోసైకిడేకి 5, బేటిడేకి 4, కైరోనోమిడ్‌కు 2, ట్యూబిఫెక్స్ జాతికి 1. మొత్తం కంటే కుటుంబానికి సగటు నమ్మదగినది; ఎక్కువసేపు ఏరితే మొత్తం ఊరికే పెరుగుతుంది. అనంతగిరి వాగులో చదునైన హెప్టజెనిడే దొరికింది కాని వాగు ఫిబ్రవరికే సన్నబడింది. ఎండిపోయే వాగును ఏడాది పొడవునా పారే మురుగునదికి కొలబద్దగా పెట్టడం నాకే రుచించడం లేదు.

వర్షాకాలంలో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే సంచులు కొట్టుకుపోతాయి. అందుకే జూన్‌లోపు తాళ్లు మార్చి, నగరానికి ఎగువన ఏడాదంతా నీరుండే ఇంకో చోటు వెతకాలి. కరిగిన ఆక్సిజన్ ఇకపై తెల్లవారకముందే కొలుస్తాను. నాచు ఊపిరి పీల్చడం తప్ప ఆక్సిజన్ వదలని ఆ వేళే అది అట్టడుగున ఉంటుంది.